ఆడబిడ్డ వేలిముద్ర

నఖోన్ పథోమ్, థాయిలాండ్
జూన్ 3

సరోజక్కకు, రాజారాం నమస్కారం.

ఉగాదికి నువ్వు రాసిన ఉత్తరం అందింది. జవాబు ఆలస్యమైంది. ఫోన్ చేయొచ్చు కదా అని నువ్వు అనవు, నేనూ అనను. నా పెళ్లప్పుడు ఫోన్‌లో మనం అనుకున్న మాటలు ఈ జన్మకు చాలు. తొమ్మిదేళ్లయింది. ఉత్తరమైతే రాసింది కొట్టేయొచ్చు.

నీతో ఒక పని పడింది. మా తువ్వాళ్ల మిల్లు డిసెంబరులో మూసేస్తున్నారు. ఈ దేశంలో ఉండటానికి నాకు అనుమతి ఇచ్చింది ఆ ఉద్యోగం చూసే. ఉద్యోగం పోయిన రోజే అనుమతీ పోతుంది. ఆ తరవాత కూడా ఉండాలంటే వన్నాకు భర్తనని కాగితం చూపించాలి. ఆ కాగితం మాకు లేదు. వన్నా వాళ్ల ఊళ్లో భిక్షువులు మంత్రాలు చదివారు, పెద్దలు మా చేతులకు తెల్ల దారాలు కట్టారు, భోజనాలు పెట్టారు. ఆఫీసులో మాత్రం రాయించుకోలేదు. మా పిల్ల పిమ్‌కు ఎనిమిదో ఏడు వచ్చింది. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు అడుగుతున్నారు. ఇక్కడి జిల్లా ఆఫీసులో పెళ్లి రాయాలంటే, నాకు ఇండియాలో ఇంకో పెళ్లి కాలేదని అక్కడి నుంచి రుజువు రావాలి. అమ్మా నాన్నా ఉంటే వాళ్లు ప్రమాణం చేసేవాళ్లు. వాళ్లు లేరు కాబట్టి రక్తసంబంధమున్న పెద్దవాళ్లు ఎవరైనా చేయొచ్చట. మన దగ్గరి కేంద్రంలో ఆధార్ మిషను మీద వేలు పెట్టాలి. అది పట్టాక స్టాంపు కాగితం మీద సంతకం, సిరా ముద్ర. దాని మీద ఢిల్లీలో విదేశాంగ శాఖ ముద్ర. ఇక్కడికొచ్చాక థాయి తర్జుమా, దానికింకో ముద్ర. అసలు కాగితమే రావాలి, ఫోన్‌లో ఫొటో పనికిరాదు.

కాగితం రాగానే నేనూ వన్నా ఇద్దరం అధికారి ముందు కూర్చుని సంతకాలు పెట్టాలి. కాస్త త్వరగా చూడు.

వన్నా బాగానే ఉంది. కొంచెం సన్నబడింది. పెళ్లి రాశాక ఇమిగ్రేషన్ వాళ్లు భార్యాభర్తలు ఇంట్లో కలిసి దిగిన ఫొటోలు అడుగుతారట. అందుకని దిగాం. నీకూ ఒకటి పంపుతున్నాను.

బావను, మేనకోడలు ఋతుజను అడిగానని చెప్పు.

రాజారాం


దాజీ పేట్, షోలాపూర్
జూన్ 21

చిరంజీవి రాజారాంకు అక్క దీవెనలు.

తొమ్మిదేళ్లకు నా అవసరం పడిందన్నమాట దొరగారికి! నీ ఉత్తరం చదివి మీ బావ ఏమన్నాడో తెలుసా? "ఇగ చూడు, మీ అక్క కాలు నేల మీద పెట్టదు" అన్నాడు. నిజమే, పెట్టలేదు. ఆ రోజు చాటలో బీడీల ఆకు అట్లాగే ఎండిపోయింది.

ఫొటో ఋతుజ గోడకు అంటించింది. నీ పొట్ట చూస్తే బావ పొట్ట నయం. వన్నా నిజంగానే పుల్లలా ఉంది, కడుపు నిండా తినదా? తలకు రుమాలు కట్టుకుంది చూశాను. మన పవర్‌లూమ్ షెడ్లల్లో దూది పడకుండా ఆడవాళ్లు కట్టుకున్నట్టే ఉంది. మీ మిల్లులోనే మడతల సెక్షన్‌లో తనకు పని అని ఇదివరకు రాశావు కదా, ఇంటికొచ్చి కూడా రుమాలు తీయకుండా ఫొటోకు నిలబడ్డదంటే కష్టపడే పని మనిషే. వాడకట్టులో అందరికీ చూపించి నా మరదలు ఇట్లా ఉంటుంది అని చెప్పాను. మరదలు అని నోటితో అనడం ఇదే మొదలు. అనేశాక ఏమీ కష్టమనిపించలేదు. తొమ్మిదేళ్లు ఎందుకు బిగబట్టుకున్నానో నాకే తెలియదు.

ఒక మాట చెప్తాను, నవ్వకు. మన ఇంట్లో పెళ్లి కొడుకు రెండు ముళ్లు వేస్తే మూడో ముడి ఆడబిడ్డ వేస్తుంది. నాన్న పెళ్లిలో మేనత్త వేసింది. నీ పెళ్లిలో నేను వెయ్యాలి. నేను రాలేదు, నువ్వూ రమ్మనలేదు. తప్పెవరిదో పోనీ. ఈ కాగితం మీద వేసే వేలే నా మూడో ముడి అనుకుంటున్నాను. అందుకని పట్టుచీర కట్టుకుని పోయాను కేంద్రానికి. అక్కడి పిల్ల "కాయ్ తాయి, లగ్నాలా ఆలాత్ కా?" అని అడిగింది, పెళ్లికి వచ్చినవా అని. "అవ్ బిడ్డా, పెండ్లే" అన్నాను.

ఆ రోజు మిషను సరిగ్గా లేదు. మళ్లీ రమ్మన్నారు. అయిపోతుంది, నువ్వేం ఫికరు పెట్టుకోకు.

సరోజక్క


నఖోన్ పథోమ్
జూలై 12

అక్కకు,

ఉత్తరం అందింది. చదివి వన్నాకు థాయిలో చెప్పాను. మూడో ముడి సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

నిన్న ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాను. మూడు నెలలకోసారి నేను ఇంకా ఇదే ఇంట్లో ఉన్నానని చెప్పి రావాలి. టోకెన్ అరవై ఒకటి. కాగితం ఇచ్చాను, ముద్ర వేశారు, బయటికి వచ్చాను. బస్సు కోసం నిలబడితే ఎక్కడికి వెళ్లాలో కాసేపు గుర్తు రాలేదు. మళ్లీ గుర్తొచ్చింది.

పిమ్‌కు జడ వేయడం నేర్చుకున్నాను. మొదట వంకరగా వచ్చేది, ఇప్పుడు బాగానే వస్తోంది. వంట కూడా నేనే చేస్తున్నాను.

కాగితం ఏమైందో రాయలేదు. మిషను ఇంకా బాగుకాకపోతే సిద్ధరాములు చిన్నాయనను అడగొచ్చా? నాన్న తమ్ముడు కాబట్టి ఆయన వేలూ చెల్లుతుంది. నీకు ఆయనతో మాటల్లేవని తెలుసు. అయినా అడుగుతున్నాను. ఆగస్టు మొదటి వారానికల్లా వస్తే మంచిది.

రాజారాం


దాజీ పేట్
ఆగస్టు 10

చిరంజీవి రాజారాంకు,

చిన్నాయన పేరు ఎత్తకు! నాన్న దినాల నాడు పదిమందిలో నిలబడి "పోచమ్మ సాక్షి, ఆ పిల్లగాడు పోయినోళ్ల లెక్కలనే" అని నిన్ను అన్న నోరు అది. విస్తరాకు ముందు నుంచి లేచొచ్చిన దాన్ని నేను. ఆయన ఇల్లు జోడ్‌భావి పేట్‌లో, మనకు పది నిమిషాల నడక. ఆరేళ్లుగా ఆ గల్లీ తప్పించి చుట్టు తిరిగి పోతున్నాను. ఇప్పుడు పోయి "చిన్నాయనా, నీ వేలు కావాలె" అని దేహీ అనాలా? నీ పెళ్లికి ఆయన వేలు పడటానికి వీల్లేదు. నీకు తొందరేముంది, మిల్లు మూసేది డిసెంబరులోనే అని నువ్వే రాశావు. ఇంకా నాలుగు నెలలుంది. నాదే పడుతుంది.

నిన్న రాఖీ పున్నమి. మార్కండేయ స్వామి రథం చూడటానికి ఋతుజతో పోయాను. బీడీల పని లేక ఈ మధ్య నాకు చేతి నిండా తీరికే. ఇల్లు తంబాకు వాసన లేకుండా ఉంటే మీ బావకు తుమ్ములు తగ్గాయి. "రాణి లెక్క కూసున్నవ్, అన్నం గూడ నన్నే వండమంటవా" అని సతాయిస్తున్నాడు. పని ఎందుకు ఆపానో తరవాత చెప్తాను, అదొక తమాషా.

నువ్వు జడ వేస్తున్నావంటే నవ్వొచ్చింది. వన్నా పని మనిషి, పొద్దున తీరిక ఉండదు కాబోలు. మంచిదే, మగవాళ్లు నేర్చుకోవాలి.

నీకు రాఖీ, పిమ్‌కు గాజులు పెట్టాను.

సరోజక్క


దాజీ పేట్
సెప్టెంబరు 2

నా తమ్ముడు రాజారాంకు, నా మరదలు వన్నాకు అక్క దీవెనలు.

పట్టింది! పట్టిందిరా! ఢిల్లీ ముద్రతో సహా కాగితం ఈ కవరులో ఉంది, జాగ్రత్తగా తీయి.

ఇప్పుడు తమాషా చెప్తాను. మిషనుకు ఏ రోగమూ లేదు. రోగం నా వేలికే. పదో ఏట నుంచి బీడీలు చుడుతున్నాను కదా, నలభై రెండేళ్లు. ఆకు ఒత్తి ఒత్తి, దారం లాగి లాగి బొటనవేలి మీద గీత అన్నది లేకుండా అరిగిపోయింది. జూన్‌లో నాలుగుసార్లు పెట్టాను, పట్టలేదు. జూలైలో తొమ్మిదిసార్లు. పది వేళ్లూ మార్చి మార్చి పెట్టించింది ఆ పిల్ల. చివరికి, "తాయి, కొన్ని వారాలు బీడీలు ఆపి చూడు, తోలు మళ్లీ వస్తది" అంది. జూలై ఏడు నుంచి ఆపేశాను. అంట్లు తోమలేదు, బట్టలు పిండలేదు. రాత్రిపూట వెన్న రాసి గుడ్డ కట్టుకున్నాను. రెండు నెలలు పోకపోతే కార్ఖానా వాళ్లు నా బీడీల పని కార్డు తీసేసి ఇంకొకరికి రాశారు. పోనీ! పొద్దున లేవగానే వేలు కిటికీ దగ్గర పెట్టి చూసుకునేదాన్ని. ఒకనాడు సన్నగా గీతలు కనిపించాయి. ఋతుజను పిలిచి చూపిస్తే "అమ్మా, నీకు వేలు మొలిచింది" అని పడి పడి నవ్వింది.

నీకు ముందే చెప్పాల్సింది. చెప్తే నువ్వు చిన్నాయన దగ్గరికి పొమ్మంటావని చెప్పలేదు.

కాగితంతో పాటు ఒక పసుపు తాడు పెట్టాను. దానికి ఒక ముడి వేశాను. అది మూడోది. మొదటి రెండూ నువ్వు వెయ్యి. ఆఫీసులో సంతకం పెట్టే నాడు వన్నా మెడలో ఉండాలి. ఆ రోజు ఫొటోకు మాత్రం రుమాలు తీసేసి దిగమని నా మాటగా చెప్పు. పువ్వులు పెట్టుకోమను.

సరోజక్క


నఖోన్ పథోమ్
సెప్టెంబరు 28

అక్కకు,

కవరు అందింది. కాగితం సరిగ్గా ఉంది.

వన్నా ఆగస్టు పద్నాలుగున పోయింది. గురువారం. నీ రాఖీ ఉత్తరం ఆ తరవాత ఎనిమిదో రోజు వచ్చింది.

రెండేళ్ల కింద రొమ్ములో గడ్డ వచ్చింది. కోసి తీశారు. ఈ ఏడు మళ్లీ వచ్చింది, ఊపిరితిత్తుల్లోకి. రుమాలు దూది కోసం కాదు, మందులకు జుట్టు రాలిపోయింది. తను లేవలేకపోయేది, పిమ్ జడ అందుకే నేను వేస్తున్నాను.

జూలై ఆఖరు దాకా తను నడిచి ఆఫీసుకు రాగలిగేది. ఆగస్టు మొదట్లో చక్రాల కుర్చీలో రాగలిగేది. తరవాత, కాగితం ఒక్కటి ఉంటే ఆసుపత్రికే వచ్చి సంతకం పెట్టించుకుంటామని జిల్లా ఆఫీసు అధికారిణి చెప్పింది. మంచి మనిషి. పదమూడో తారీకున కూడా ఫోన్ చేసి వచ్చిందా అని అడిగింది.

నీకు ఎందుకు చెప్పలేదంటే, తొమ్మిదేళ్ల కింద నువ్వు ఫోన్‌లో "పరాయి దేశపు పిల్ల, రేపు నీకు కష్టమొస్తే చూసేదెవరు" అన్నావు. కష్టం వచ్చిందని నీకు రాయడం నాకు చేతకాలేదు. జూన్ ఉత్తరంలో ఒకసారి రాశాను, కొట్టేసి ఇంకో కాగితం తీసుకున్నాను. ఆ తరవాత నువ్వు మరదలు అని రాశావు. వన్నా ఆ మాట నేర్చుకుని నర్సులకు చెప్పింది. అప్పుడిక రాయాలనిపించలేదు.

నేను ఏడవలేదు. ఏడుపు రావాలని కూడా అనిపించడం లేదు. అన్నం వండుతున్నాను, మిల్లుకు పోతున్నాను, పిమ్‌ను బడికి దింపుతున్నాను.

పోయిన మనిషితో పెళ్లి రాయరు. పిమ్ పుట్టిన కాగితంలో తండ్రి దగ్గర నా పేరే ఉంది, కానీ తల్లితో పెళ్లి రాయలేదు కాబట్టి చట్టం నన్ను తండ్రి అనదట. కోర్టు అనాలి. కోర్టు అంటేనే పిమ్ తండ్రిగా ఇక్కడ ఉండనిస్తారు. లేకపోతే నేను వెళ్లిపోవాలి, పిమ్ వన్నా అక్క దగ్గర ఉంటుంది. ఆమె మంచిదే. పిల్ల తండ్రి దగ్గరే ఉండాలని ఆమె కూడా కోర్టులో చెప్తానంది.

లాయరు వంశావళి కాగితం అడుగుతున్నాడు. నేనెవరి బిడ్డనో నాన్న తరం పెద్దవాళ్లు ప్రమాణం చేసి ఇవ్వాలట. ఆ తరంలో ఇప్పుడు చిన్నాయన ఒక్కరే ఉన్నారు.

పసుపు తాడు పిమ్ తీసుకుంది. దాచుకుంది.

రాజారాం


దాజీ పేట్
అక్టోబరు 19

రాజారాం,

బడిల నేర్పిన తెలుగు ఇయాల చేతికి వస్తలేదు. వచ్చినట్టు రాస్తున్న.

నీ ఉత్తరం ఋతుజ చదివింది. సగంల ఆగింది. చదువు అన్న. చదివింది. గోడ మీది ఫొటో దిక్కు చూసిన. రుమాలును చూసి వాడకట్టంత తిరిగి మురిసిన గద రా నేను. పని మనిషి అన్న. జుట్టు లేని పిల్లను పువ్వులు పెట్టుకొమ్మని రాసిన. నా చేతులు పడిపోను.

మూడు దినాలు ఏం చేసిన్నో యాద్ లేదు. బావ అన్నం పెడితే తిన్న. నాలుగో దినం లేచి జోడ్‌భావి పేట్ పోయిన, చుట్టు తిరక్కుండ గల్లీలకెల్లే. చిన్నాయన అరుగు మీద కూసున్నడు. చూపు మందగించింది, ఎవలు అన్నడు. సరోజను అన్న. జరిగి జాగ ఇచ్చిండు. "కూసో బిడ్డా, చాయ తాగు" అన్నడు. నేను కూసోలే. నిలవడే చెప్పిన, అంతా. వన్నా సంగతి, పిమ్ సంగతి, వేలి సంగతి. అంగీ తొడుక్కొని, "నడువు" అన్నడు. అంతే.

రిక్షాల తీస్కపోయిన. అదే కేంద్రం, అదే పిల్ల. చిన్నాయన వేలు పెట్టిండు. ఒక్కసారికే పట్టింది రాజారాం. ఐదు నిమిషాలు గూడ పట్టలే. నేను చీర కొంగు సదురుకుంటనే ఉన్న, అయిపోయింది అన్నది ఆ పిల్ల.

బయటికి వచ్చినంక అన్నడు, "గప్పుడేదో కోపంల అన్న బిడ్డా. జూన్ల వచ్చి అడిగితే జూన్లనే పెడుతుంటి గద." రిక్షా ఎక్కించి ఇంటికాడ దించిన.

నువ్వు నన్ను తిడుతవేమో అని ఉత్తరం మొత్తం ఎతికిన. ఒక్క మాట లేదు. ఉంటే బాగుండు.

వంశావళి పెట్టిన. పిమ్‌ను కోర్టుల మంచిగ మాట్లాడుమను. నిన్నటి సంది పక్కింటి భాగ్యలక్ష్మి కార్డు మీద మళ్ల బీడీలు చేస్తున్న. వేలు దాచుకొని ఇగ ఏం చెయ్యాలె.

అక్క


నఖోన్ పథోమ్
మార్చి 6

అక్కకు, నమస్కారం.

పోయిన నెల కోర్టు తీర్పు వచ్చింది. డిసెంబరు తరవాత పిల్లను చూసుకోవడానికని ఇమిగ్రేషన్ వాళ్లు మార్చి పదో తారీకు దాకా గడువిచ్చారు, అది ఇంకో రెండు వారాల్లో అయిపోతుందనగా తీర్పు వచ్చింది. జడ్జి పిమ్‌ను పిలిచి, నీకు జడ ఎవరు వేస్తారని అడిగింది. పిమ్ నా వైపు వేలు చూపించింది. చిన్నాయన కాగితం కూడా చూశారు. తండ్రిని అని రాశారు.

నిన్న ఇమిగ్రేషన్‌కు వెళ్లాను. టోకెన్ ఇరవై ఎనిమిది. ఒక ఏడాది ఉండనిచ్చారు. ఏడాదికి మళ్లీ వెళ్లాలి, పిమ్‌కు ఇరవై ఏళ్లు వచ్చేదాకా ఇట్లాగే. చిన్నాయనకు చెప్పు.

నిన్ను నేను తిట్టలేదంటే తిట్టాలనిపించక కాదు. నన్నూ తిట్టుకోవాల్సి వస్తుంది కాబట్టి. ఇద్దరం ఒకరికొకరు చెప్పలేదు, అంతే జరిగింది. నీ మీద కోపం కోసం వెతికితే దొరకడం లేదు. వన్నా కోసం ఏడుపు వెతికినా ఏమీ దొరకడం లేదు. డాక్టరు కొన్నాళ్లు ఇట్లాగే ఉంటుందన్నాడు.

ఇంకొకటి నీకు చెప్పాలి. ఇకమీదట నీకు ఏదీ దాచనని అనుకున్నాను, అందుకని రాస్తున్నాను. నిన్న దరఖాస్తులో వివాహం అనే గడిలో భార్య పోయినవాడు అని రాశాను. కౌంటర్‌లోని అమ్మాయి పెళ్లి కాగితం, మరణ కాగితం రెండూ అడిగింది. పెళ్లి కాగితం లేదన్నాను. అయితే ఇట్లా రాయకూడదని, నా ఫైలులో ఉన్న కాగితాలు తిరగేసింది. కోర్టు కోసం లాయరు తర్జుమా చేయించి పెట్టిన నీ కాగితం దొరికింది. థాయి తర్జుమా చదివి, పెళ్లి కాలేదని రుజువు ఉందిగా అని, నేను రాసింది అడ్డంగా కొట్టేసి, పెళ్లి కానివాడు అని రాసింది. సంతకం పెట్టమంది. పెట్టాను.

నీ కాగితం ఫైలులో పైనే ఉంది. వేలిముద్ర చాలా బాగా పడిందక్కా. ప్రతి గీతా కనిపిస్తోంది.

రాజారాం